రెండో పేపరు

మా గేటుకు రెండు బోర్డులుంటాయి. పైది పెద్దది, జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ అని. దాని కింద చంకన ఎత్తుకున్న పిల్లలా వేలాడేది చిన్నది, ప్రయోగ పాఠశాల అని. పిల్లల్ని చేర్చడానికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆ చిన్న బోర్డు చదివి, లోపల గాజు గొట్టాలూ రంగు నీళ్ళూ ఉంటాయి కాబోలు, పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తారు కాబోలు అని సంబరపడతారు. "చేయించేది లేదమ్మా, వీళ్ళ మీదే చేస్తాం" అని నేను నవ్వుతూ చెప్పేదాన్ని. వాళ్ళూ నవ్వేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళు ఆ మాట నవ్వుల్లోనే గడిచిపోయింది.

సంగతేమిటంటే, టీచర్లు కావాలని ఏటా అరవైమంది మా సంస్థలో చేరతారు. వాళ్ళేం నేర్చుకోవాలో పైన రాష్ట్ర మండలి రాసి పంపుతుంది. జిల్లా సంస్థలోని లెక్చరర్లు దాన్ని విడమరిచి చెబుతారు. విన్నది ఒంటబట్టిందో లేదో తేల్చుకోవడానికి ఆ అరవైమందీ వరండా దాటి మా బడికి వస్తారు. ఐదు తరగతులు, ఐదు గదులు, నూటపది మంది పిల్లలు. కుట్టుపని నేర్చుకునేవాళ్ళకు పాత గుడ్డ ఇచ్చినట్టు మా పిల్లల్ని వాళ్ళ చేతికిస్తాం.

ఒక్కొక్కరూ నలభై నిమిషాల పాఠం చెప్పాలి. ఎవరొచ్చినా అవే పాఠాలు, వాటికే చార్టులు సిద్ధంగా ఉంటాయి మరి. నీరు ఆవిరి కావడం, ఆకు భాగాలు, భిన్నాల కూడిక. మా బడిలో ఏడాదికి పదకొండుసార్లు నీరు ఆవిరైపోయేది. చెప్పేవాడు కంగారులో తర్వాతి ముక్క మరిచిపోతే ముందు బెంచీలోంచి ఎవరో ఒకరు, "అన్నా, ఇప్పుడు కోసిన ఆపిల్ బొమ్మ తీయాలి" అని మెల్లగా అందించేవాళ్ళు. తీసేవాడు. వెనక కూర్చుని మార్కులు వేసే లెక్చరర్ విననట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు.

పాఠాలు ఒక ఎత్తు, ప్రాజెక్టు ఒక ఎత్తు. చివరి ఏడాదిలో ప్రతి ఒక్కరూ ఒక తరగతిని తీసుకుని, పిల్లలు ఎందులో వెనకబడ్డారో కనిపెట్టడానికి ఒక పరీక్ష పెట్టాలి. ఆ తర్వాత రెండు వారాలు ఏదో ఒక కొత్త పద్ధతిలో నేర్పి, ఇంకో పరీక్ష పెట్టాలి. మొదటి పరీక్ష మార్కులకు ఒక స్తంభం, రెండోదానికి ఒక స్తంభం గీసి, ఎంత పెరిగిందో చూపించి, యాభై పేజీలు రాసి అట్ట వేయించి ఇవ్వాలి. మా పిల్లల భాషలో అవి మొదటి పేపరు, రెండో పేపరు.

పద్నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి ఉండేది. పాలు తాగే బిడ్డను తల్లి దగ్గర వదిలి శిక్షణకు వచ్చింది. భిన్నాల మీద ప్రాజెక్టు తీసుకుంది. మొదటి పరీక్ష పెడితే మా పిల్లలు అన్నీ సరిగ్గా రాసేశారు. ఆమెకంటే ముందు ఆ ఏడాది ఏడుగురు వాళ్ళకు భిన్నాలే చెప్పి ఉన్నారు. ఇక రెండో పరీక్షలో పెరగడానికి మిగిలిందేముంది? లెక్కల లెక్చరర్ ఎర్ర సిరాతో, "మొదటి స్తంభమే ఇంత ఎత్తుంటే మీరు చేసిన పనేమిటి? మళ్ళీ చేయండి" అని రాసి తిప్పి పంపాడు. రెండోసారీ అంతే. ఆ పిల్ల మా వరండాలో నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుని ఉంది. పాలు కారి రవిక తడిసిపోతే చార్టు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

లోపలికి వెళ్ళి నాలుగో తరగతి పిల్లలతో చెప్పాను. "రేపు అక్క ఇచ్చే మొదటి పేపర్లో తలా కొన్ని తప్పులు రాయండి. రెండోది మామూలుగా రాయండి. అక్క పాసవుతుంది."

అక్క పాసయింది. 

ఆ ఒక్కసారే చెప్పాను. మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పుకున్నారు. మొదటి పేపరు తప్పులకు, రెండోది ఒప్పులకు. గంట ఎప్పుడు కొడతారో, ఏ కుళాయి ఎటు తిప్పితే వస్తుందో తెలిసినట్టే మా బడిలో అదీ తెలిసిపోయింది. తర్వాత్తర్వాత మూడు నెలలకోసారి పెట్టే పరీక్షల్ని కూడా ఈ ప్రాజెక్టుల్లోనే కలిపేశాం, రెండు పనులూ ఒకేసారి తెములుతాయని. అంటే మూడో తరగతి నుంచి మా పిల్లలు ఒక్క పేపరే ఉండే పరీక్షను కళ్ళతో చూసి ఎరగరు. ఈ వాక్యం రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అప్పట్లో మాత్రం తట్టనైనా లేదు.

గేటు ఎదురుగా ఒక బైండింగు కొట్టుంది. ప్రాజెక్టులన్నీ అక్కడే కుట్టి అట్టలు వేస్తారు. కొట్టు నడిపేవాణ్ణి అందరూ అట్టలన్న అంటారు. అతని కూతురు మా ఐదో తరగతి. శిక్షణకు వచ్చినవాళ్ళు దాన్ని బంగారం అని పిలిచేవాళ్ళు. ఊరికే కాదు. మిగతా పిల్లలు మొదటి పేపర్లో చేతికొచ్చిన తప్పు రాసేవాళ్ళు, పన్నెండులో సగం ఎంత అంటే ఏనుగు అని రాసిన ఘటాలు కూడా ఉన్నాయి. ఇది అలా కాదు. నిజంగా రాని పిల్ల ఎక్కడ తడబడుతుందో సరిగ్గా అక్కడే తడబడేది. సగానికి మూడో వంతు కలపమంటే పైవాటితో పైవి, కిందవాటితో కిందవి కలిపేసి రెండు బై ఐదు అని రాసేది. ఆ ఒక్క తప్పు మీద ఆరు పేజీలు రాసుకోవచ్చు. "బంగారం ఉన్న క్లాసు దొరికితే ప్రాజెక్టు గట్టెక్కినట్టే మేడమ్" అనేవాళ్ళు నాతో. లోలోపల నాకూ గర్వంగానే ఉండేది. అలాంటి తప్పు రాయాలంటే ఎంత వచ్చి ఉండాలో టీచరుకు తెలుస్తుంది కదా.

మా బడి ఐదో తరగతితో సరి. ఆ పైన, పన్నెండో తరగతి దాకా అక్కడే ఉండి చదువుకునే ప్రభుత్వ వసతి పాఠశాల ఒకటుంది. జిల్లాకు నలభై సీట్లు. రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష. యాభై ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు గుండ్రాలు, సరైన జవాబున్న గుండ్రాన్ని పెన్సిల్‌తో నింపాలి. అట్టలన్న ఆ సీటు మీదే ఆశలన్నీ పెట్టుకున్నాడు. భార్య దూరాన బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పదిహేను రోజులకోసారి వస్తుంది. హైస్కూలు ఊరికి ఆ కొసన ఉంది, తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషి లేడు.

"ఈ సీటు రాకపోతే దీన్ని కొట్లోనే కూర్చోబెట్టుకోవాలక్కా" అన్నాడు, దరఖాస్తు నాచేత నింపించుకున్న రోజున. "జిగురు ఇప్పటికే నాకంటే బాగా కలుపుతోంది. అదే నా భయం."

నేను నవ్వి సంతకం పెట్టాను. బంగారానికి రాకపోతే ఇంకెవరికి వస్తుందని నా ధీమా.

ఫలితాలొచ్చిన మధ్యాహ్నం అట్టలన్న జిగురు చేతులతోనే మా గదిలోకి వచ్చాడు. జిల్లా ఆఫీసులో ఇచ్చిన చీటీ బల్ల మీద పెట్టాడు. పెట్టినచోటే అంటుకుపోయింది.

"అక్కా, ఇందులో సున్నా ఏమైనా చెరిగిపోయిందేమో చూడు. ముప్పై అయి ఉంటుంది."

యాభైకి మూడు.

చీటీని బల్ల మీంచి ఒలిచి రెండు వైపులా చూశాను. నంబరు బంగారానిదే. అతనితో పాటే రోడ్డు దాటి కొట్లోకి వెళ్ళాను. బంగారం నేల మీద కూర్చుని, పుస్తకాల వీపుకు అంటించే గుడ్డను పట్టీలుగా కత్తిరిస్తోంది. పక్కన కూలబడ్డాను.

"పరీక్ష ఎలా రాశావు తల్లీ?"

"బాగా రాశాను టీచర్."

"మూడు మార్కులు వచ్చాయి."

కత్తెర ఆగింది. మొహం చిన్నబోయింది. "మూడు రైటయ్యాయా?" అంది. "అన్నీ చూసుకునే పెట్టాను టీచర్. చివర్లో టైం అయిపోతోందని తొందరపడ్డాను. ఆ మూడూ అక్కడే పోయుంటాయి."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"రెండో పేపరు ఎప్పుడిస్తారు టీచర్?" అని అడిగింది బంగారం. "దాంట్లో అన్నీ వచ్చేస్తాయని నాన్నకు చెప్పాను. వినిపించుకోవట్లేదు."

అట్టలన్న కొట్టు గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తున్నాడు. నేను అతని మొహం చూడలేకపోయాను.

మర్నాడు జిల్లా ఆఫీసుకు వెళ్ళి, దరఖాస్తు పెట్టి, బంగారం జవాబు కాగితం నకలు తెచ్చుకున్నాను. తెచ్చి లెక్కల లెక్చరర్ బల్ల మీద పరిచాను. ఆయన గదిలో మూడు గోడలకు చార్టులు, నాలుగో గోడకు బీరువా. బీరువా నిండా అట్టలన్న కుట్టిన ప్రాజెక్టులే. ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతాడు. మనిషి కోపిష్టి గానీ పాఠం చెబితే గోడలు కూడా వినాల్సిందే.

"ఏముంది చెల్లెమ్మా, కొత్తచోటు, కొత్త మనుషులు, పిల్ల బెదిరిపోయి ఉంటుంది" అన్నాడు.

"బెదిరిన పిల్లకు ఎన్ని రావాలి సార్?"

ఆ ప్రశ్న ఆయన లోపలి లెక్కల మనిషిని తట్టి లేపింది. కళ్ళజోడు తుడుచుకుని కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పక్కనే ఒక తెల్ల కాగితం తీసుకుని ఏదో వేశాడు. కొట్టేసి మళ్ళీ వేశాడు.

"ప్రశ్నకు నాలుగు గుండ్రాలు" అన్నాడు, నాతో కాదు, తనలో తాను. "కళ్ళు మూసుకుని నింపినా నాలుగింట ఒకటి తగలాలి. యాభైకి పన్నెండో పదమూడో వస్తాయి. మరీ దరిద్రం పడితే ఏడు. మూడంటే..." ఆగిపోయాడు. "ఇది రాని పిల్ల రాసిన కాగితం కాదు. రాని పిల్ల వల్ల ఇన్ని తప్పులు కావు. నలభై ఏడుచోట్ల సరైన గుండ్రం ఏదో చూసి, దాన్ని తప్పించింది. ఎవరు నేర్పారమ్మా దీనికిది?"

"నేను."

"ఎందుకు?"

"మీరు ప్రాజెక్టులు తిప్పి పంపుతున్నారని."

అంతా చెప్పాను. నీళ్ళ డ్రమ్ము దగ్గర్నుంచి రెండో పేపరు దాకా. చెబుతుంటే ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

"పిల్లల చేత తప్పులు రాయించమని నేనన్నానా?"

"అనలేదు సార్. మొదటి స్తంభం ఎత్తుగా ఉందని రాశారు."

ఆయన లేచి బీరువా తెరిచాడు. ఒక ప్రాజెక్టు తీసి స్తంభాలున్న పేజీ చూశాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. నిలబడే ఇరవై దాకా చూసి ఉంటాడు. పొట్టిదొకటి, పొడుగుదొకటి, ఎందులో చూసినా. బల్ల నిండిపోయాక కుర్చీలో కూర్చుని గోడ వైపు చూపించాడు. అక్కడ చార్టుల మధ్య అద్దం కట్టిన కాగితం ఒకటి వేలాడుతోంది. నిరుడు రాష్ట్ర మండలి పంపింది. అన్ని జిల్లాల్లోకీ మా సంస్థలోనే పిల్లల మార్కులు ఎక్కువగా పెరిగాయని మెచ్చుకోలు.

"దానికి అద్దం నేనే కట్టించాను" అన్నాడు.

ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన విన్నంతసేపూ బల్ల మీది పెన్నుల్ని వరసగా సర్దుతూ కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. గొడవంటే కిట్టని మనిషి.

"పదిరోజుల్లో రెండో విడత పరీక్ష ఉంది" అన్నాడు. "మొదటిసారి ఒంట్లో బాగాలేక పాడుచేసుకున్న పిల్లలకు. జ్వరమని డాక్టరు చేత ఒక కాగితం రాయిస్తే సరిపోతుంది. దీనికింత రామాయణం ఎందుకమ్మా?"

"జ్వరం రాలేదు సార్."

"జ్వరం ఎవరికి రాదు? మీరు చెప్పేది కాగితం మీద పెడితే ఏమవుతుందో ఆలోచించారా? ఈ నెలలో అరవైమందికి సర్టిఫికెట్లు రావాలి. అందరి ప్రాజెక్టులూ ఆ బీరువాలోవే. వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తారా? అవన్నీ పక్కన పెట్టండి, పిల్లకు సీటు రావడం కావాలా, మీ మనసు తేలిక కావడం కావాలా?"

ఆ చివరి మాట సూటిగా వచ్చి తగిలింది. రెండో విడత దరఖాస్తు ఫారం తీసుకుని బయటికొచ్చాను. ఫారంలో కారణం దగ్గర నాలుగు గళ్ళున్నాయి. అనారోగ్యం, ప్రమాదం, కుటుంబంలో మరణం, ఇతరములు.

సాయంత్రం కొట్లో అట్టలన్న ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. అతను జిగురు గిన్నెలో బ్రష్షు తిప్పుతూ ఉండిపోయాడు.

"నేను కుట్టిన ప్రతి పుస్తకంలోనూ ఆ రెండు స్తంభాలు చూశానక్కా" అన్నాడు చివరికి. "పొట్టి స్తంభంలో నా కూతురు ఉందని తెలియలేదు." బ్రష్షు గిన్నెలో వదిలేశాడు. "జరిగిందేదో జరిగింది. జ్వరమనే రాయించు. నాకు సీటు కావాలి. నిజం తీసుకుని నేనేం చేసుకోను?"

నాకూ అంతే అనిపించింది. అబద్ధం చెబితే పిల్ల గట్టెక్కుతుంది, అరవైమందీ గట్టెక్కుతారు, నేనూ గట్టెక్కుతాను. పెన్ను తీసి అనారోగ్యం గడి మీద పెట్టాను కూడా. తల ఎత్తి బంగారాన్ని పిలిచి, "ఎవరైనా అడిగితే ఆ రోజు జ్వరంగా ఉండిందని చెప్పాలమ్మా" అన్నాను.

"సరే టీచర్" అంది. ఒక్క క్షణం ఆలోచించి అడిగింది. "నిజం ఎప్పుడు చెప్పాలి? తర్వాతా?"

అమాయకంగా అడిగింది. కొత్త ప్రాజెక్టు ఏదో మొదలైందనుకుంది. ముందు తప్పు చెప్పాలి, ఒప్పు చెప్పే రోజు టీచరే చెబుతుంది. దానికి తెలిసిన లోకం అది. కట్టింది నేను.

పెన్ను తీసేశాను. అట్టలన్న నావైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. మళ్ళీ జిగురు గిన్నెలోకి చూశాడు.

"నీ ఇష్టం అక్కా" అన్నాడు. ఆ మాటలో ఇష్టం ఏమీ లేదు.

ఇతరములు అన్న గడిలో గీత పెట్టి, మూడు పేజీలు రాసి జతచేశాను. పద్నాలుగేళ్ళ కిందట ఒక శిక్షణార్థిని కోసం నేను పిల్లలకు చెప్పిన మాటతో మొదలుపెట్టాను. లెక్కల లెక్చరర్ తన లెక్క కాగితాన్ని మంచిగా తిరగరాసి ఇచ్చాడు. కింద సంతకం చేశాడు, ఎర్ర సిరాతోనే. ఆయన దగ్గర ఇంకో పెన్ను ఉన్నట్టు లేదు.

జిల్లా ఆఫీసులో పరీక్షల విభాగం మేడ మీద ఉంది. ఫైళ్ళ మధ్య దారి చేసుకుని వెళితే చివరి బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"నన్ను గుర్తుపట్టలేదా అక్కా?"

జుట్టు నెరిసింది, ఒళ్ళు వచ్చింది. గొంతు మాత్రం ఆ వరండాలోదే. కొన్నేళ్ళు బళ్ళో చేసి, ఆ తర్వాత ఈ విభాగానికి అధికారిగా వచ్చిందట. ఆ పాలు తాగే బిడ్డ ఇప్పుడు పదో తరగతి. కుర్చీ వేసి, టీ చెప్పి, నా కాగితాలు చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీలోనే ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది. మూడు పేజీలూ చదివి, మళ్ళీ మొదటి పేజీకి వచ్చింది.

"ఒక శిక్షణార్థిని అని రాశారు. నేనే కదా."

"నీ పేరు రాయలేదు."

"పిల్లలు ఆ మూడోసారి మొదటి పేపరు అన్ని తప్పులతో ఎందుకు రాశారో నాకు ఇప్పటిదాకా తెలియదక్కా. నేను బాగా నేర్పాననే అనుకున్నాను." కాగితాల మీద చెయ్యి పెట్టింది. "బళ్ళో చేసిన రోజుల్లో ఎప్పుడు మనసు కుంగినా ఆ రెండు స్తంభాలే గుర్తు తెచ్చుకునేదాన్ని."

టీ చల్లారిపోయింది.

"ఇది పైకి వెళితే మీ సంస్థ పాత రికార్డులన్నీ తీస్తారు. నాదీ తీస్తారు."

"తెలుసు. వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను తల్లీ."

"జ్వరమని రాసి ఉంటే ఈపాటికి హాల్ టికెట్ మీ చేతిలో ఉండేది."

"ఉండేది."

ఆవిడ పెన్ను తీసుకుంది. అభ్యర్థి చెప్పిన కారణం ఫారంలోని గళ్ళలో ఇమడదనీ, జతచేసిన లెక్క సరైనదేననీ, రెండో విడతకు అనుమతించవచ్చనీ రాసింది. రాసి, దాని కింద ఇంకో వాక్యం చేర్చింది. ఇందులో చెప్పిన శిక్షణార్థిని నేనే, అని. సంతకం చేసి పిన్ను కొట్టింది.

రాష్ట్రం నుంచి అనుమతి పరీక్షకు ముందు రోజు వచ్చింది.

ఆ పొద్దున పరీక్ష కేంద్రం గేటు దగ్గర బంగారాన్ని పక్కకు తీసుకెళ్ళాను. "ఇవాళ ఇచ్చేది ఒక్కటే పేపరు" అన్నాను. "దీని తర్వాత ఇంకోటి లేదు. మొన్న కూడా లేదు. నేను నీకు తప్పు నేర్పానమ్మా."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"తప్పు పెడితే?"

"తప్పుగానే ఉండిపోతుంది."

ఆ పిల్ల మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. చేతులు పట్టుకుంటే మంచులా ఉన్నాయి. బడికొచ్చిన ఇన్నేళ్ళలో దానికి పరీక్షంటే భయం తెలియదు. మేం తెలియనివ్వలేదు. వాళ్ళ నాన్న వంగి, ఉంగరాల్లేని తన పెద్ద చేతుల మధ్య దాని చేతులు పెట్టి రుద్దాడు. "వచ్చినకాడికి రాయి నాన్నా" అన్నాడు. "కొట్టు ఎక్కడికీ పోదు."

కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. పేపరిచ్చాక పావుగంట పెన్సిల్ ఎత్తలేదు. అట్టలన్న గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. పావుగంట దాటాక అది వంగి మొదటి గుండ్రం నింపింది. నింపి, తల ఎత్తి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండోది నింపింది.

నలభై ఒకటి వచ్చాయి. మా జిల్లాకు సీటు దొరికిన ఆఖరి మార్కు ముప్పై ఎనిమిది. సీటు కాగితమూ, నాకు సంజాయిషీ అడుగుతూ నోటీసూ ఒకే రోజు టపాలో వచ్చాయి. ఆ ఏటి అరవై ప్రాజెక్టులూ రద్దయ్యాయి. వేరే బళ్ళకు వెళ్ళి ఆర్నెల్లలో మళ్ళీ చేసుకు రమ్మన్నారు. వరండాలో ఎదురుపడితే నమస్కారం పెట్టే శిక్షణార్థులు తలలు తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఒకబ్బాయి మాత్రం ఆగి మొహం మీదే అన్నాడు. "మీ నిజం ఖరీదు మాకు ఆర్నెల్ల జీతం మేడమ్." నిజమే. నేను తల దించుకుని వెళ్ళాను. పరీక్షల విభాగం ఆవిడ రికార్డు ఇంకా విచారణలోనే ఉంది. లెక్కల సారు గదిలో అద్దం కాగితం ఉన్నచోట మేకు ఒక్కటే మిగిలింది. జూన్ నుంచి నన్ను ఊరికి దూరంగా ఉన్న బడికి వేశారు.

బంగారం బయల్దేరే ముందు నాలుగు రోజులు మిగిలాయి. రెండో జవాబు కాగితం నకలు తీసుకుని కొట్టుకు వెళ్ళాను. తొమ్మిది తప్పులు. రెండింటి దగ్గర రబ్బరుతో తుడిచిన మసక ఉంది. ముందు సరైనదే నింపి, అనుమానం వచ్చి చెరిపేసి తప్పు పెట్టింది. మిగతా ఏడూ కోణాల మీద, దశాంశాల మీద. చార్టులు లేని పాఠాలు. మూడేళ్ళలో ఆ పాఠాలు ఎవరూ దానికి చెప్పలేదు. శిక్షణకు వచ్చినవాళ్ళు చెప్పలేదు, వాళ్ళు చెబుతున్నారు కదా అని నేనూ చెప్పలేదు.

దాని లెక్కల పుస్తకం తెరిచాను. నూటపదో పేజీ వరకూ నలిగి, చెవులు మడిచి, మరకలు పడి ఉంది. ఆ తర్వాతంతా కొత్తది. కోణాల పాఠం దగ్గర రెండు పేజీలు అచ్చులో అంచు తెగక ఒకదానికొకటి కలిసే ఉన్నాయి. ఏడాదంతా ఆ పేజీ ఎవరూ విప్పలేదు.

అట్టలన్న చూశాడు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, బల్ల మీద పెట్టి, తన కత్తి మొనను మడత లోపలికి పోనిచ్చి మెల్లగా లాగాడు. పేజీలు విడిపోయాయి. పుస్తకం నాకిచ్చి, జిగురు గిన్నె దూరంగా జరిపి, మాకు చోటిచ్చాడు.

బంగారం జవాబు కాగితం మీదికి వంగి తొమ్మిది తప్పులూ వేలితో ఒక్కొక్కటే తడుముతోంది.

"ఇవి కావాలని పెట్టినవి కావు టీచర్" అంది.

"తెలుసమ్మా" అన్నాను. "ఇటు జరిగి కూర్చో. మొదటిది చూద్దాం."